మీ కుంటలో కొరమీను గూడు కట్టాలంటే: రోహిణి కార్తె నుంచి పునర్వసు దాకా ఏం చేయాలి

మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల, ఇబ్రహీంపట్నం వైపు ఫామ్‌హౌస్ కొనుక్కున్నవాళ్లలో చాలామంది ముందు తవ్వించేది కుంట, ఆ కుంటలో ముందు వేసేది బొచ్చె, రవ్వ, బంగారుతీగ. అవి బాగానే పెరుగుతాయి, కానీ బొచ్చె, రవ్వ కదలని నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి పారే వరద నీళ్లు కావాలి. అందుకే ఏటా సీడ్, అంటే చేపపిల్లలు, కొనాల్సిందే. కొరమీను అలా కాదు. మన పల్లెల్లో బొమ్మె అని పిలిచే ఈ చేప, 2016లో తెలంగాణ రాష్ట్ర చేప అయిన ఈ చేప, మీ కుంట గట్టు పక్కనే మోకాలి లోతు నీళ్లలో గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలు పొదిగాక కూడా నెల దాకా కాపలా కాస్తుంది. గుడ్లు పెట్టించే ఇంజెక్షన్ అక్కర్లేదు, గుడ్లు పొదిగించే హ్యాచరీ అక్కర్లేదు. దానికి కావలసింది ఒక అంచు. మన కుంటల్లో లేనిదీ అదే, ఎందుకంటే జేసీబీ వాడు నాలుగు వైపులా నిలువుగా గోడలా చెక్కి, ఉన్న గడ్డి మొత్తం గీకి, "సార్ క్లీన్ చేసిన" అని ఇచ్చిపోతాడు. ఆ క్లీన్ కుంటలో కొరమీను బతుకుతుంది, బలుస్తుంది, గూడు మాత్రం కట్టదు.

ఇదంతా చిన్న కుంట, అంటే రెండు మూడు గుంటల నుంచి ఓ పది గుంటల దాకా ఉన్నవాళ్ల కోసం. ఎకరాల్లో వ్యాపారంగా చేసేవాళ్ల లెక్కలు వేరు.

ముందుగా ఒక మాట. యూట్యూబ్‌లో అమెరికా చెరువుల వీడియోలు చూసి, చేపలు గూడు కట్టాలంటే అడుగున కంకర పోయాలని కొందరు ఒక ట్రాక్టర్ గులకరాళ్లు దింపిస్తున్నారు. ఆ వీడియోల్లో కనిపించేది బ్లూగిల్. నీళ్లు సుమారు 21 డిగ్రీలకు వెచ్చబడగానే మగ బ్లూగిల్ తోకతో కంకర ఊడ్చి పళ్లెంలాంటి గుంత చేస్తుంది, పక్కపక్కనే పదులకొద్దీ గుంతలు, ఆడది వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, కాపలా అంతా మగదే, అదీ కొన్ని రోజులే. దాని గుడ్లు అడుగున అతుక్కుంటాయి. కొరమీను గుడ్లు నీటి పైన తేలతాయి. కాబట్టి మీ కంకర దానికి ఎందుకూ పనికిరాదు, దానికి కావలసింది గడ్డి. ఆ బ్లూగిల్‌నే తెప్పించుకుందామని ఎవరైనా అంటే జపాన్ సంగతి చెప్పండి: 1960లో అప్పటి యువరాజు అకిహితోకు షికాగోలో కానుకగా ఇచ్చిన బ్లూగిల్ అక్కడి సరస్సుల్లోకి పాకి స్థానిక చేపల్ని దెబ్బ కొట్టింది, 2007లో చక్రవర్తి హోదాలో ఆయనే దాని గురించి బహిరంగంగా విచారం వ్యక్తం చేశాడు. మన చేప మనకుంది, చాలు.

1. రోహిణిలో: కుంటకు అంచు చేయడం

మే చివరి వారం, నీళ్లు బాగా తగ్గి ఉంటాయి కాబట్టి పని చేయడానికి ఇదే సమయం. కుంట మధ్యలో నాలుగైదు అడుగుల లోతు ఉంటే సరిపోతుంది, అక్కడ ఏమీ మార్చక్కర్లేదు. నాలుగు వైపుల్లో కనీసం రెండు వైపులు, వీలైతే ఎండ తక్కువ తగిలే వైపు, గట్టును వాలుగా కోయించండి. నీళ్లు నిండినప్పుడు ఒక అడుగు నుంచి రెండడుగుల లోతు ఉండే పట్టీ ఒకటి, నాలుగైదు అడుగుల వెడల్పుతో రావాలి. ఆ పట్టీయే మీ హ్యాచరీ.

అడుగున ప్లాస్టిక్ షీట్ వేసిన ఫామ్‌పాండ్ అయితే? గూడు కట్టదని చెప్పను, కానీ షీట్ మీద గడ్డి పట్టదు, బురద ఉండదు, వాలు జారుడుగా ఉంటుంది. షీట్ కుంటలో చేయాలనుకుంటే అంచు వెంట మట్టి నింపిన సంచులు పేర్చి మెట్టులా చేసి దాని మీద గడ్డి పెంచాలి. మట్టి కుంట ఉంటే ఈ తంటా వద్దు.

నీళ్లు ఎండిపోయి ఉంటే గుంటకు నాలుగైదు కిలోల చొప్పున సున్నం చల్లి వారం ఆరనివ్వండి. నీళ్లుంటే పాత చేపల్ని వలతో తీసేయండి, ముఖ్యంగా మాంసం తినేవాటిని. థాయ్ మాగుర్ అని తెచ్చి వేసే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఒక్కటి మిగిలినా మీ కొరమీను పిల్లలు మిగలవు, అసలు దాన్ని పెంచడమే మన దేశంలో 2000 నుంచి నిషేధం. జిలేబి చేపల్నీ తీసేయండి. వాటి పిల్లల్ని కొరమీను ఇష్టంగా తింటుంది నిజమే, కానీ పెద్ద జిలేబిలు తేలే గుడ్లను వదలవు. మేతకు కావాలంటే వేరే తొట్టిలో పెంచుకుని రోజూ కొన్ని తెచ్చి వేయండి.

ఇక కంచె. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కొరమీనుకు మొప్పలతో పాటు తల లోపల గాలి పీల్చుకునే అర ఉంటుంది, అందుకే బురదలో వారాలు బతుకుతుంది, జోరు వానలో తడి నేల మీద పాకి పక్క కుంటకు పోతుంది. తొలి వాన రాత్రే మీ తల్లి చేపలు సగం పక్కవాడి పొలంలో ఉంటాయి. గట్టు చుట్టూ మూడు నాలుగు అడుగుల ఎత్తు నైలాన్ వల కట్టి, కింద అర అడుగు మట్టిలో పాతిపెట్టండి. పైనుంచి నీళ్లు వచ్చే పైపుకు, అలుగుకు, తూముకు సన్న జాలీ కట్టండి. కొరమీను ఎదురు ఈదుతుంది, పడే నీళ్లలోకి ఎగురుతుంది, కాబట్టి నీళ్లు లోపలికి వచ్చే చోట జాలీ అన్నిటికన్నా గట్టిగా ఉండాలి.

2. గడ్డి: ఎంత, ఏది

అంచు పట్టీలో గడ్డి, తుంగ మొలిస్తే అదే మేలు. తూటికూర తీగలు గట్టు నుంచి నీళ్లలోకి పాకితే ఇంకా మంచిది. గుర్రపుడెక్క బాగా పనిచేస్తుంది, దాని వేళ్లలో పుట్టే చిన్న పురుగులు తర్వాత పిల్లలకు మేత అవుతాయి, కానీ అది రాక్షసి మొక్క, నెల తిరిగేసరికి కుంటంతా కప్పేస్తుంది. వెదురు బొంగులు గానీ పాత పీవీసీ పైపులు గానీ చతురస్రంగా కట్టి, ఆ చట్రం లోపలే ఉంచండి, పొంగినప్పుడల్లా లాగి ఎండలో పడేయండి. తీసినదాన్ని వాగులోనో ఊరి చెరువులోనో విసిరేయకండి, హైదరాబాద్ చెరువుల్లో దాన్ని తీయడానికి యంత్రాలు పెట్టి ఎన్నేళ్లుగా అవస్థ పడుతున్నారో చూస్తూనే ఉన్నాం.

మొత్తం నీటి పైభాగంలో పావు వంతు, మహా అయితే మూడో వంతు వరకే మొక్కలుండాలి. ఎందుకంటే కొరమీను గాలి పీల్చగలదు అనడం కన్నా, గాలి పీల్చక తప్పదు అనడం సరైన మాట. పైకి వచ్చి గాలి మింగే దారి లేకపోతే అది నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. చేప నీళ్లలో మునిగి చావడమేమిటి అని నవ్వకండి, వల కింద చిక్కుకున్న కొరమీను చచ్చేది ఇలాగే.

3. తల్లి చేపలు: ఎక్కడ కొనాలి, ఎలా గుర్తుపట్టాలి

రాంనగర్, ముషీరాబాద్, బేగంబజార్ మార్కెట్లలో బతికున్న కొరమీన్లు టబ్బుల్లో దొరుకుతాయి. తినడానికి అవి బాగుంటాయి గానీ తల్లి చేపలుగా నేనైతే వాటిని కొనను. టబ్బులో ఒకదాని మీద ఒకటి పడి జిగురు ఊడిపోయి, మూతి గోడలకు కొట్టుకుని పుండై ఉంటుంది, వారం తిరిగేసరికి బూజు పడుతుంది. పెంచే రైతు దగ్గరికే వెళ్లి, ముందురోజు పట్టినవి కాకుండా మీ ముందే వల వేసి పట్టినవి తీసుకోండి. ఇద్దరు వేర్వేరు రైతుల దగ్గర తీసుకుంటే అన్నీ ఒకే తల్లి పిల్లలయ్యే ఇబ్బంది ఉండదు. ఊరి చెరువు నుంచి పట్టించుకుందామంటే, చెరువులో చేపల హక్కు అక్కడి మత్స్యకార సహకార సంఘానిది, వాళ్లతో మాట్లాడకుండా ఎవరో కుర్రాడికి డబ్బులిచ్చి గాలం వేయించకండి. గాలం మింగిన చేప ఎలాగూ పనికిరాదు. మూసీలో గానీ, డ్రైనేజీ కలిసే నగరం చెరువుల్లో గానీ పట్టినవి అసలు వద్దు.

బరువు ముప్పావు కిలో నుంచి కిలో వరకు ఉన్నవి చూడండి. వయసు ఏడాది దాటి ఉండాలి. రెండు కిలోల చేప పెద్ద గుడ్ల సంచి మోస్తుంది నిజమే, కానీ చిన్న కుంటలో అది మిగతావాటిని బతకనివ్వదు.

ఆడ మగ తేడా మామూలు రోజుల్లో కనిపెట్టడం కష్టం, మే చివర నుంచి తేలిక. ఆడదాని పొట్ట గుండ్రంగా, మెత్తగా ఉంటుంది, పొట్ట చివర రంధ్రం ఉబ్బి ఎర్రబారి ఉంటుంది. మగది సన్నగా పొడవుగా ఉంటుంది, రంధ్రం చిన్నగా పాలిపోయి ఉంటుంది. అప్పుడే మేత తిన్న మగదాని పొట్ట కూడా ఉబ్బే ఉంటుంది కాబట్టి పొట్ట ఒక్కటే చూసి నిర్ణయించొద్దు, రంధ్రం చూడండి. తడి గుడ్డతో తల కప్పి పట్టుకుంటే కొట్టుకోదు.

తెచ్చేటప్పుడు డ్రమ్ము నిండా నీళ్లు నింపడం పెద్ద పొరపాటు. పావు వంతు నీళ్లు, పైన గాలి, ఆ పైన గట్టిగా కట్టిన వల. మధ్యాహ్నం ఎండలో డీసీఎంలో వేసుకుని రాకుండా తెల్లవారుజామునే తెచ్చేయండి. కుంటలో వదిలేముందు లీటరుకు 20 నుంచి 30 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ఉంచండి, అది పక్కకు ఒరిగినట్టు అనిపిస్తే వెంటనే తీసేయండి.

ఎన్ని? మూడు గుంటల కుంటకు నాలుగైదు జంటలు. అంతకన్నా ఎక్కువ వేస్తే ఎక్కువ పిల్లలు రావు, ఎక్కువ కొట్లాటలు వస్తాయి. గూడు కట్టే జంట తన చుట్టుపక్కలకు ఇంకో చేపను రానివ్వదు, ఒక్కో జంటకు అంచులో ఒక్కో మూల దక్కేలా చూసుకోవాలి. అందుకే గడ్డిని ఒకేచోట కుప్పగా కాకుండా అక్కడక్కడా విడివిడిగా పెంచండి, మధ్యలో ఖాళీ నీళ్లుండాలి.

4. మేత

గుడ్లు పట్టాలంటే తల్లికి మాంసం కావాలి. బతికున్న పరిగెలు, చిన్న రొయ్యలు, తోకకప్పలు అన్నిటికన్నా మంచివి. రోజుకు చేప బరువులో నూటికి మూడు నుంచి ఐదు వంతులు చాలు. కోడి పేగులు చవకగా వస్తాయని బకెట్లకు బకెట్లు పోసేవాళ్లున్నారు, కొరమీను తింటుంది, మిగిలింది అడుగున కుళ్లి నీళ్లు నల్లబడతాయి, కొరమీను గాలి పీల్చుకుని తట్టుకుంటుంది గానీ రేపు తేలబోయే గుడ్లు తట్టుకోలేవు. వేయాలంటే చిన్న ముక్కలు చేసి, అరగంటలో తినేంత మాత్రమే వేయండి.

5. మృగశిరలో: వాన పిలుపు

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది. హైదరాబాద్‌లో ఆ రోజు చేప తినని మాంసాహారి ఇల్లు తక్కువ, మార్కెట్లో కొరమీను ధర ఆకాశంలో ఉంటుంది, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో బత్తిని కుటుంబం వాళ్లు ఇచ్చే చేప ప్రసాదానికి వాడేదీ బతికున్న చిన్న కొరమీను పిల్లే. కొందరు కొత్తవాళ్లు ఆ రోజు గిరాకీకి తమ కుంట పిల్లలు అందుతాయని లెక్కలేసుకుంటారు. అందవు. మీ కుంటలో గూళ్ల సందడి మొదలయ్యేదే ఆ తర్వాత.

దానికి ట్రిగ్గర్ వాన. రోహిణి ఎండల్లో నీళ్లు తగ్గి, వేడెక్కి, చిక్కబడి ఉంటాయి, ఒక్కసారిగా చల్లని కొత్త నీళ్లు పడి నీటిమట్టం పెరిగి అంచున గడ్డి మునగడం, ఇదీ కొరమీను ఎదురుచూసేది. ఈ వరుసను మీరు చెడగొట్టకూడదు. మే అంతా బోరు వేసి కుంట నింపుతూ ఉంటే వాన పడ్డా చేపకు తేడా తెలియదు. కాబట్టి మే చివర్లో నీళ్లు అంచు పట్టీ కిందికి తగ్గనివ్వండి, ఆ పట్టీ బయటపడి దాని మీద గడ్డి మొలవనివ్వండి. మృగశిర వానలకు నిండితే సరే. వానలు ముఖం చాటేస్తే, మబ్బు పట్టిన సాయంత్రం చూసి బోరు నీళ్లను పైపుతో నేరుగా కాకుండా చిల్లుల పైపు ద్వారా జల్లులా పడేలా రాత్రంతా వదలండి, వరుసగా రెండు మూడు రాత్రులు. అసలు వాన పడినంత బాగా పని చేస్తుందని అనను, కానీ చాలాసార్లు సరిపోతుంది. నీళ్లు 26 నుంచి 31 డిగ్రీల మధ్య ఉంటే చాలు, దానికోసం ప్రత్యేకంగా ఏమీ చేయక్కర్లేదు.

ఇంజెక్షన్ గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నా. ఓవాప్రిమ్ అనే హార్మోన్ మందు ఆడ చేపకు కిలోకు సుమారు అర మిల్లీలీటరు, మగదానికి అందులో సగం, వీపు రెక్క మొదట్లో ఇస్తే మర్నాటికల్లా గుడ్లు పెడుతుంది. హ్యాచరీలకు అది అవసరం, ఒకే రోజు ఒకే వయసు పిల్లలు కావాలి వాళ్లకు. మీ కుంటకు ఆ టెన్షన్ ఎందుకు? పైగా కండలో సూది దిగిన చేప, పట్టి వదిలిన చేప, పిల్లల్ని కాయడంలో ముందున్నంత శ్రద్ధ పెట్టదు అని నా అభిప్రాయం.

6. ఆరుద్రలో: గూడు కనిపెట్టడం

ఈ పని చేసేవాళ్లకు అన్నిటికన్నా ఇష్టమైన రోజులివి. నీళ్లు నిండిన కొద్ది రోజులకు, తెల్లవారుజామున వెళ్లి గట్టు మీద కదలకుండా కూర్చోండి. గట్టు మీద నడిస్తే వచ్చే అదురు చేపకు తెలుస్తుంది, మీ నీడ నీళ్ల మీద పడినా మునిగిపోతుంది, అందుకే తూర్పున సూర్యుడు వచ్చే వైపు కూర్చోవద్దు. మొదట కనిపించేది జంటగా తిరిగే చేపలు, ఒకటి ముందు ఒకటి వెనుక అంచు వెంటే. తర్వాత ఒకచోట గడ్డి అదురుతుంది, గాలి లేకున్నా. నోటితో గడ్డి కాడలు కొరికి, తోకతో పక్కకు నెట్టి, గడ్డి మధ్యలో అడుగు, అడుగున్నర వెడల్పు గుండ్రని ఖాళీ చేస్తాయి. పైనుంచి చూస్తే గడ్డిలో ఒక చిన్న కిటికీ తెరిచినట్టుంటుంది. అదే గూడు.

గుడ్లు పెట్టడం ఎక్కువగా రాత్రి, తెల్లవారే వేళ జరుగుతుంది. మగది ఆడదాని ఒంటికి చుట్టుకుంటుంది, రెండూ ఒక్కసారి వణుకుతాయి, గుడ్లు పైకి తేలతాయి, ఇలా చాలాసార్లు. ఆ సమయంలో టార్చి వేసి వీడియో తీయాలని చూడకండి. సగంలో ఆపేసి వెళ్లిపోతాయి.

పొద్దున చూస్తే ఆ ఖాళీలో నీటి మీద లేత పసుపు పొర కనిపిస్తుంది. ఒక్కో గుడ్డు మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ, లోపల నూనె చుక్క ఉంటుంది కాబట్టే తేలతాయి. ఒక జంట కొన్ని వేల గుడ్లు పెడుతుంది, పెద్ద చేపైతే పది వేలు దాటొచ్చు. పారదర్శకంగా పసుపుగా ఉన్నవి బతికినవి, పాలలా తెల్లబడ్డవి చెడిపోయినవి. కొన్ని తెల్లవి ఎప్పుడూ ఉంటాయి, కంగారు పడొద్దు. మొత్తం తెల్లబడితే మగది ముసలిదో, నీళ్లు చెడ్డవో, లేక ఎండ నేరుగా కాల్చిందో చూసుకోవాలి.

గూడు కింద తల్లిదండ్రులుంటాయి. చెయ్యి పెడితే కరుస్తాయి, ఇది హాస్యం కాదు, దాని పళ్లు చూశారుగా. ఆ వారం ఇంట్లో చిన్నపిల్లల్ని, కుక్కల్ని ఆ మూలకు రానివ్వకండి.

7. కుంటలోనే వదలాలా, తీసి పెంచాలా

ఇక్కడ రెండు దారులున్నాయి. మీరు ఏది ఎంచుకోవాలన్నది మీకు వారంలో ఎన్ని రోజులు ఫామ్‌కు వెళ్లే వీలుందో దాన్ని బట్టి ఉంటుంది.

శని, ఆదివారాలు మాత్రమే వెళ్లేవాళ్లు కుంటలోనే వదిలేయండి. గుడ్లు ఒకటిన్నర రోజు లోపు పొదుగుతాయి. పుట్టిన పిల్లలు మూడున్నర మిల్లీమీటర్లు కూడా ఉండవు, పచ్చసొన సంచి పైకి, పొట్ట పైకి తిప్పుకుని తలకిందులుగా తేలుతుంటాయి, చచ్చాయనుకోకండి. మూడు నాలుగు రోజుల్లో సొన అయిపోయి ఈదడం మొదలుపెడతాయి. ఆ తర్వాత కొద్ది రోజులకు నారింజ ఎరుపు రంగు వచ్చి, వందలు వేలు ఒకే బంతిలా కలిసి తిరుగుతాయి, అన్నీ ఒకేసారి గాలికి పైకి వస్తే నీళ్లు మరిగినట్టు బుడబుడమంటాయి. ఆ గుంపు కింద తల్లి తండ్రి. నెల దాకా, పిల్లలు రెండంగుళాలు అయ్యి రంగు మారి విడిపోయే దాకా ఈ కాపలా సాగుతుంది.

ఈ నెలలో మీరు చేయాల్సిందల్లా శత్రువుల్ని తగ్గించడం. కొంగ, నీటికాకి, లకుముకి పిట్ట పైనుంచి, నీరుకట్టె పాము పక్కనుంచి, తూనీగ పిల్లపురుగులు లోపలినుంచి తింటాయి. ఆ మూల మీద పలచగా వల కప్పితే పక్షుల బెడద పోతుంది, కానీ వల నీళ్లకు తగలకూడదు. చుట్టుపక్కల గాలం వేసేవాళ్లకు ఒక పద్ధతి తెలుసు: ఎర్ర పిల్లల గుంపు మధ్యలో కప్పనో ఎరనో వేస్తే తల్లి చేప ఆకలితో కాదు, కోపంతో వచ్చి కరుస్తుంది. తల్లి పోయిన గుంపు చాలా త్వరగా ఖాళీ అవుతుంది. ఒక పూట కూర కోసం వేల పిల్లల్ని పోగొట్టే ఆ వేటను మీ కుంటలోనే కాదు, ఊరి చెరువులో కూడా చేయనివ్వకండి.

రోజూ అక్కడే ఉండేవాళ్లు, సీడ్ అమ్ముదామనుకునేవాళ్లు తీసి పెంచడం మేలు. గుడ్లకన్నా, ఎర్ర గుంపు తయారయ్యాక తీయడం సులువు, పిల్లలు గట్టిపడి ఉంటాయి, తల్లి మొదటి పది రోజుల పని మీకోసం చేసిపెట్టి ఉంటుంది. సన్న వలతో చేసిన గంపలాంటి దాన్ని గుంపు కింద నుంచి నెమ్మదిగా లేపితే ఒకేసారి చాలా వస్తాయి. మొత్తం తీయకండి, పావు వంతు తల్లికే వదలండి.

గుడ్లే తీయాలంటే వెడల్పు మగ్గుతో పొర కింద నుంచి నీళ్లతో సహా ఎత్తి, అదే కుంట నీళ్లు పోసిన టబ్బులో వదలండి. అర అడుగు నుంచి అడుగు లోతు చాలు. ఎయిరేటర్ జోరుగా పెట్టకండి, గుడ్లు గోడలకు అంటుకుని చస్తాయి. తెల్లబడిన గుడ్లను డ్రాపర్‌తో పూట పూటకూ తీసేయండి, లేకపోతే బూజు పక్కవాటికి పాకుతుంది. పొదిగాక నీటి మీద నూనె పొర నిలుస్తుంది, న్యూస్‌పేపర్ పరిచి లాగేస్తే దానికి అంటుకుని వచ్చేస్తుంది.

8. పునర్వసులో: పిల్లల తిండి, పిల్లల్ని తినే పిల్లలు

టబ్బుల్లో పెంచేవాళ్లు ఓడిపోయేది ఇక్కడే. సొన అయిపోయిన రోజు నుంచి నోట్లో పట్టేంత చిన్న బతికున్న మేత ఉండాలి, పొడి ఫీడ్ తినవు. అంటే తల్లి చేపలు వేసిన రోజు నుంచే మొయినా, డాఫ్నియా అనే సన్న నీటి పురుగుల పెంపకం మొదలుపెట్టాలి: పాత సింటెక్స్ ట్యాంకు సగం కోసి, ఎండలో పెట్టి, కొంచెం పేడ, కొంచెం నానబెట్టిన వేరుశనగ చెక్క వేసి, నీళ్లు పచ్చబడ్డాక చెరువు నీళ్ల నుంచి వడకట్టిన మొయినా వదిలితే వారంలో పొంగుతుంది. ఓపిక లేకపోతే అక్వేరియం షాపుల్లో ఆర్టీమియా (ఉప్పునీటి సన్న రొయ్యల్లాంటి జీవులు) డబ్బా కొనండి, ఖరీదు ఎక్కువే, కానీ రోజుకు నాలుగైదు సార్లు తాజాగా వేయగలరు.

రెండో వారం నుంచి సన్నగా తరిగిన ట్యూబిఫెక్స్ (సన్నని ఎర్ర పురుగులు), తర్వాత ముళ్లు తీసి మెత్తగా నూరిన చేప మాంసం. నాలుగో వారానికి ఆ ముద్దలోనే పొడి ఫీడ్ కొంచెం కొంచెంగా కలుపుతూ, ఓ పది రోజుల్లో పూర్తిగా ఫీడ్‌కు మార్చండి. ప్రొటీన్ 40 శాతానికి తగ్గని తేలే ఫీడ్ తీసుకోండి. మిగిలిన ముద్దను సైఫన్ పైపుతో రోజూ లాగేయాలి. రెండు మూడు వారాల వయసులో పిల్లలు గాలి పీల్చడం నేర్చుకుంటాయి, అప్పుడు టబ్బు పైన ఆకులు గానీ నూనె పొర గానీ ఉంటే రాత్రికి రాత్రే పోతాయి.

ఇక అసలు సమస్య. కొరమీను పిల్ల తనలో సగం, కొన్నిసార్లు మూడింట రెండు వంతులున్న తోబుట్టువును కూడా మింగేస్తుంది. నేరం ఆకలిది ఒక్కటే కాదు, సైజు తేడాది. ఒక టబ్బులో అన్నీ ఒకే సైజున్నంత కాలం ప్రశాంతంగా ఉంటాయి, నాలుగు ముందు పెరిగితే మిగతావన్నీ వాటికి మేతే. అందుకే మూడో వారం నుంచి వారానికోసారి గ్రేడింగ్ చేయాలి: వేర్వేరు కంతల ప్లాస్టిక్ జల్లెడలు తీసుకుని, నీళ్లలో ముంచే జల్లించి, పెద్దవి ఒకటి, మధ్యరకం ఒకటి, చిన్నవి ఒకటిగా మూడు టబ్బులు. నీళ్ల బయట జల్లిస్తే జిగురు పోతుంది. టబ్బు అడుగున గడ్డి, పాత వల ముక్కలు వేస్తే దాక్కోవడానికి చోటు దొరుకుతుంది. ఉదయం చూసేసరికి సంఖ్య తగ్గినా చచ్చినవి కనిపించకపోతే వ్యాధి కాదు, గ్రేడింగ్ ఆలస్యమైంది.

రెండు మూడు అంగుళాలయ్యాక అమ్మొచ్చు, లేదా కుంటలో వేరే భాగాన్ని వలతో అడ్డుకట్టి అందులో పెంచొచ్చు. తల్లి చేపలున్న చోటే తిరిగి వదలొద్దు. గుంపు విడిపోయాక కన్నతల్లికి కూడా అవి మేతే.

9. పిల్లలు విడిపోయాక

తొలి గుంపు తీసేశాక అదే జంట, మేత బాగుంటే, ఆగస్టు, సెప్టెంబర్ వానల్లో మళ్లీ గూడు కట్టే అవకాశం ఉంది, కాబట్టి పిల్లలు చేతికొచ్చాయి కదా అని అంచున గడ్డి కోసేయకండి, మేత తగ్గించకండి.

తర్వాత చూసుకోవాల్సింది చలికాలం. నవంబర్ నుంచి జనవరి దాకా మన దగ్గర రాత్రులు బాగా చల్లబడతాయి, ఆ రోజుల్లో కొరమీనుకు ఒంటి మీద ఎర్ర మచ్చలతో మొదలై లోతైన పుండ్లయ్యే ఫంగస్ వ్యాధి వస్తుంది. పక్క చెరువు నీళ్లు కుంటలోకి రానివ్వకపోవడం, అక్టోబర్‌లోనే తక్కువ మోతాదులో సున్నం నీళ్లలో కలిపి చల్లడం, మేత సగానికి తగ్గించడం, వలలతో ఊరికే కెలికి గాయాలు చేయకపోవడం, ఇవి చేస్తే చాలావరకు దాటిపోతుంది. పుండ్లు కనిపించిన చేపను ముందు వేరు చేయండి, ఆ తర్వాత మత్స్యశాఖ వాళ్లకు చూపించండి. షాపువాడు ఇచ్చిన యాంటీబయాటిక్ మేతలో కలిపేయకండి, ఫంగస్ మీద అది పనిచేయదు. వచ్చే మేకి మళ్లీ తల్లి చేపలు కొనే పని లేకుండా, ఈ చలి దాటిన జంటల్నే వాడుకోండి, ఆ కుంట అంచుల్లో మూలమూలా వాటికి ఇప్పటికే తెలుసు.